తాడు, అయస్కాంతం
కృష్ణలో నీళ్లు తగ్గితే విజయవాడ ఘాట్ల దగ్గర తాడుకు అయస్కాంతం కట్టి నాణేలు వెతికేవాళ్లు కనిపిస్తారు. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు ఉక్కువి కాబట్టి టక్కున అతుక్కుంటాయి. ఇత్తడి రంగు ఐదు, రెండు లోహాల పది మాత్రం ఎన్నిసార్లు విసిరినా రావు. మెటల్ డిటెక్టర్ కొంటే అవీ దొరుకుతాయి, నిజమే. కానీ దాని చప్పుడులో నాణెమేదో, సీసా మూతేదో చెవికి పట్టుబడాలంటే చాలాకాలం పడుతుంది. కొత్త మోడల్‌కి మారితే మళ్లీ ఓనమాలే. తాడు లాగుడును బట్టే అడుగున ఇసుకో, రాయో పసిగట్టే ఆ చేతులంటే నాకెంతో గౌరవం. పాత పనిముట్టుకు అసలే అందనిది కావాలనుకుంటేనే కొత్తది కొనండి, ఊరికే ముచ్చటపడి వద్దు. కొన్నా, ఆ తాడును పారేయకండి.