లండన్‌లో బాంటింగ్ మంచం

బ్రాంప్టన్, కెనడా

బావగారూ,

ఇక్కడ దిగగానే నన్ను గాభరా పెట్టింది చలి కాదు, మా వియ్యపురాలి షుగర్ మీటరు. పొద్దున్నే వేలికి సూది గుచ్చుకుని చూసుకుంటే 7.5 అని వచ్చింది. ఆవిడ నిమ్మళంగా కాఫీ తాగుతోంది! మన చిల్కానగర్‌లో ఏ మీటరైనా 7 చూపిస్తే అంబులెన్సుకు ఫోన్ చేస్తాం కదా. విషయమేమిటంటే, మనమూ అమెరికావాళ్లూ మిల్లీగ్రాముల్లో కొలుస్తాం, వీళ్లు మిల్లీమోల్స్‌లో కొలుస్తారు. 18తో హెచ్చవేస్తే మన లెక్క వస్తుంది, అంటే 135. ఈ వయసులో నాకు మళ్లీ పద్దెనిమిదో ఎక్కం వచ్చేసింది.

మొన్న శనివారం అమ్మాయి లండన్ తీసుకెళ్లింది. సముద్రం దాటలేదు లెండి. కెనడాలోనూ ఒక లండన్ ఉంది, అందులో థేమ్స్ అనే నది కూడా ఉంది! కారులో రెండు గంటల దారి. అక్కడ అడిలైడ్ వీధిలో ఒక పాత ఇల్లు. ఫ్రెడరిక్ బాంటింగ్ అనే కుర్ర డాక్టరు 1920లో అక్కడ బోర్డు పెట్టి రోగుల కోసం కూర్చున్నాడు. మొదటి నెల ఆదాయం 4 డాలర్లు. ఉప్పల్ రింగ్ రోడ్డులో మొన్న తెరిచిన క్లినిక్ ముందు టోకెన్ల కోసం జనం తోసుకోవడం గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఆ ఏడాది అక్టోబర్ 31 తెల్లవారుజామున రెండు గంటలకు ఆయన మంచం మీంచి లేచి షుగర్‌కు మందు తీసే ఆలోచన ఒకటి రాసుకున్నాడు. ఆ పడకగదిని చూడడానికి ఎక్కడెక్కడి షుగర్ మనుషులో వస్తారు, బాంటింగ్ పేరున చీటీలు రాసిపెట్టి వెళ్తారు. తిరుపతిలో మొక్కు తీర్చుకున్న మొహాలే అవి! నాకు ముచ్చటేసిందేమిటంటే, ఆ రాతలో జబ్బు పేరుకే అక్షరం తప్పు పడింది. కుక్క క్లోమంలోని నాళాలను ముందు కట్టెయ్యాలన్న ఆలోచన కూడా అక్కర్లేనిదని తర్వాత తేలింది. అయినా టొరంటోలో మాక్లియాడ్ అనే ప్రొఫెసర్ ప్రయోగశాలలో బెస్ట్ అనే విద్యార్థి తోడుగా పని సాగింది. 1922 జనవరి 11న లెనార్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడికి మొదటి ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇస్తే సరిగా పనిచెయ్యలేదు. కాలిప్ అనే ఆయన మందును శుద్ధిచేశాక, 23న ఇచ్చింది పనిచేసింది.

ఇన్సులిన్ రాకముందు ఏం చేసేవారో వింటే అక్కయ్య ముక్కున వేలేసుకుంటుంది. ఒక డాక్టరు ఓట్స్ జావ ఒక్కటే తాగమనేవాడు, ఇంకొకాయన పాలు, మరొకాయన బంగాళాదుంపలు. అన్నమే మందన్నవాళ్లూ ఉన్నారు! తర్వాత ఆలెన్ అనే అమెరికా డాక్టరు అందర్నీ పస్తులు పెట్టాడు. ఎలిజబెత్ హ్యూస్ అనే పద్నాలుగేళ్ల పిల్ల టొరంటో చేరేసరికి 20 కిలోలే ఉంది. అమెరికా విదేశాంగ మంత్రి కూతురు, తిండికి లోటేమిటి? ఇన్సులిన్ అందాక ఆమె 1981 దాకా బతికింది.

మన ఇల్లు మాత్రం తక్కువా చెప్పండి! మంతెన సత్యనారాయణ రాజుగారు ఉప్పూ నూనే మానమన్నారు. వీరమాచనేని రామకృష్ణగారి మాట విని మీరు కొబ్బరినూనె సీసా పట్టారు. ఖాదర్ వలీగారి మాట మీద అక్కయ్య కొర్రలు, అరికెలు నానబోస్తోంది. ఒక డాక్టరు రెండు పుల్కాలన్నారు, ఇంకొకరు అన్నం కొలిచి తినమన్నారు. ఒకే వంటింట్లో మూడు పొయ్యిలు. జాతీయ పోషకాహార సంస్థ ఆటోలో పోయే దూరంలో, తార్నాకలోనే ఉంది. ఆ సంగతి మనలో ఎవరికీ గుర్తు రాదు.

బాంటింగ్ ఇంటి పక్కన ఒక జ్యోతి వెలుగుతోంది. 1989లో బ్రిటన్ రాజమాత వెలిగించింది. షుగర్ పూర్తిగా నయమయ్యే రోజున దాన్ని ఆర్పేస్తారట! మన అఖండ దీపం కొండెక్కితే ఇల్లంతా కంగారు, వీళ్లేమో ఆర్పే రోజు కోసం చూస్తున్నారు. 2019లో అమెరికా నుంచి కొందరు ఇన్సులిన్ కొనుక్కోవడానికి సరిహద్దు దాటి గుంపుగా ఈ ఊరికే వచ్చారు. మందు కోసం అమెరికావాళ్లు పొరుగుదేశం పోవడమా అని ఆశ్చర్యపోయాను. అప్పట్లో ఇక్కడ ధర చాలా తక్కువట, డాక్టరు చీటీ కూడా అడగరట.

ఇక డాక్టర్ల సంగతి. వాళ్లకూ పడదు బావగారూ! 2018లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్లు చాలామందికి మూడు నెలల సగటు షుగర్ (మీటరు అంకె కాదు, హెచ్‌బీఏ1సీ శాతం) 7కీ 8కీ మధ్య ఉంటే చాలన్నారు. డయాబెటిస్ అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోలేదు, ఎక్కువమందికి 7 లోపే ఉండాలన్నారు. దాని వెనక కథ ఉంది. అమెరికా, కెనడాల్లో పదివేల మందికి పైగా తీసుకుని చేసిన పరీక్షలో, 6 లోపుకు దించాలని మందులు గట్టిగా వాడిన గుంపులో చావులు ఎక్కువయ్యాయి. 2008లో ఆ వైద్యాన్ని మధ్యలోనే ఆపేశారు. వయసు, గుండె, షుగర్ ఎన్నిసార్లు పడిపోతోంది, ఇవన్నీ చూసి ఎవరి అంకె వాళ్లకు పెట్టాలన్న మాటను మాత్రం రెండు పక్షాలూ కాదనడం లేదు.

మీకు రాత్రిళ్లు చెమటలు పట్టి షుగర్ పడిపోతోందని అక్కయ్య ఫోన్లో చెప్పింది. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "నా లెక్క ఏడా, ఎనిమిదా?" అని అడగండి. కొబ్బరినూనె సంగతి దాచకండి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. అక్కయ్య కొర్రన్నం తిన్న రెండు గంటలకు మీటరు ఎంత చూపిస్తోందో రాసి పంపించమనండి, మా వియ్యపురాలికి 18తో భాగించి చెప్తాను.

మీ బావమరిది