అప్పుతో కట్టిన ఆకాశం

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టి చూశాం, వాయిదాలు యింకా కడుతూనే వున్నాం. అయినా మొన్న పండుగకు గాజులు కొనుక్కుని, చార్మినారు నుంచి 5 కిలోమీటర్ల దూరంలో వున్న ఫలక్‌నుమాకి మా ఆవిడను తీసుకువెళ్ళాను. ఫలక్ అంటే ఆకాశం. కొండమీది మేడకు తగిన పేరే!

పైగా వంశపు నవాబు వికార్-ఉల్-ఉమ్రా 1884లో దీనికి శంకుస్థాపన చేశారు. నక్షా విలియం వార్డ్ మారెట్ అనే ఆంగ్లేయుడిది. మేడ ముఖం మాత్రం అచ్చంగా యిటలీదే. 16వ శతాబ్దంలో విచెంజా ప్రాంతాన పల్లాడియో కట్టిన మేడల పోలిక: బారులు తీరిన స్తంభాలు, అద్దంలో చూసినట్టు కుడి యెడమల సరిసాటి. పాలరాయి కూడా యిటలీదే. అక్కడక్కడ ట్యూడర్ రాజుల నాటి ఇంగ్లీషు పోకడ తొంగిచూస్తుంది. లోపల 101 మంది కూర్చునే భోజనాల బల్ల.

"యిన్ని ఎంగిలి కంచాలు ఎవరు కడిగేవారండీ?" అంది మా ఆవిడ. నేనేం చెప్పను!

కట్టిన నవాబు ఒకనాటి ప్రధానమంత్రి. అంతటివారినీ ఈ మేడ అప్పులపాలు చేసింది. అతిథిగా వచ్చిన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ మెచ్చుకోగానే "తమదే" అని సమర్పించారనీ, ప్రభువు సొమ్ము యిచ్చి ఆదుకున్నారనీ చెప్పుకుంటారు. 1897లో చేతులు మారిన యీ మేడలోనే 1911లో నిజాం కన్నుమూశారు. 2010 నుంచి తాజ్ వారి హోటలు.

దిగివస్తూ మా ఆవిడ అడిగింది: "మన బాకీ ఇంకెన్నాళ్ళు?"

"ఆరేళ్ళు."

"పోన్లెండి. తాళాలు మన దగ్గరే వున్నాయిగా!"