ఆ ఒక్క మాట... నలభై ఏళ్లు!

తిట్టుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. కానీ పెద్ద చదువులు చదివినవాళ్లు తిట్టుకుంటే చూడ్డానికి జనం ఎగబడతారు. ఈ రహస్యం అమెరికా టీవీకి తెలిసింది 1968 ఆగస్టులో. ఆ కథే 'బెస్ట్ ఆఫ్ ఎనిమీస్'. మోర్గాన్ నెవిల్, రాబర్ట్ గోర్డన్ కలిసి తీసిన ఈ డాక్యుమెంటరీ 2015లో వచ్చింది. పాటల్లేవు, ఫైట్లు లేవు. ఉన్నదల్లా కుర్చీల్లో కూర్చుని వాదించుకునే ఇద్దరు పెద్దమనుషులు. అన్నట్టు, ఫైటు ఒకటి మాత్రం కొద్దిలో తప్పిపోయింది!

మూడో చానల్ ఎత్తు

అప్పట్లో అక్కడ పెద్ద చానళ్లు మూడే. సీబీఎస్, ఎన్‌బీసీ, ఏబీసీ. వార్తల్లో ఏబీసీది చివరి స్థానం. 'ఉన్నవి మూడే కాబట్టి మూడో స్థానం, లేకపోతే నాలుగోదే' అని జోకులేసుకునేవారు. అధ్యక్ష అభ్యర్థిని ఎంపిక చేసే పార్టీ మహాసభల్ని మిగతా రెండూ మొదలు నుంచి చివరిదాకా చూపించేవి. ఏబీసీకి అంత స్తోమత లేదు. ఆ ఏడాది రాత్రికి గంటన్నరతో సరిపెట్టాలనుకుంది. మరి ఆ గంటన్నరలో కాస్త మసాలా ఉండొద్దూ! ఇద్దరు మేధావుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టాలన్న ఆలోచన అలా పుట్టింది.

ఒకరు విలియమ్ బక్లీ. 1955లో 'నేషనల్ రివ్యూ' పత్రిక పెట్టి అమెరికాలో మితవాదానికి ఊపిరిపోసిన వ్యక్తి. 'ఫైరింగ్ లైన్' పేరుతో సొంత టీవీ చర్చ నడిపేవారు. ఎవరితో అయితే కూర్చోరని అడిగినప్పుడు ఆయన చెప్పిన పేరు... గోర్ విడాల్. చానల్‌వాళ్లు ఏం చేశారో తెలుసుగా? ఆ విడాల్‌నే పిలిచారు!

విడాల్ నవలాకారుడు. సెనేటర్‌కు మనవడు. మగవాళ్ల మధ్య ప్రేమను 1948లోనే నవలగా రాసి దుమారం రేపినవాడు. తమాషా ఏమిటంటే, ఈ ఇద్దరికీ పోలికలెక్కువ. ఇద్దరూ 1925లోనే పుట్టారు. ఇద్దరూ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. ఇద్దరిదీ సాగదీసి పలికే రాజసమైన ఇంగ్లిషే. మాట తీరు చూస్తే అన్నదమ్ములు, భావాలు చూస్తే ఉప్పూ నిప్పూ.

తొమ్మిదో రాత్రి

మయామీ బీచ్‌లో రిపబ్లికన్ల సభలు మొదలయ్యేలోపే ఏబీసీ సెట్ పైకప్పు కూలింది. చర్చలు మాత్రం ఆగలేదు. వియత్నాం యుద్ధం, పేదరికం, శాంతిభద్రతలు... మాటకు మాట. ఎత్తిపొడుపులు విడాల్ ముందే సిద్ధం చేసుకుని వచ్చేవారు. బక్లీ చిరునవ్వుతోనే తిప్పికొట్టేవారు.

ఆ తర్వాత డెమోక్రాట్ల సభల కోసం షికాగో వెళ్లారు. ఆగస్టు 28. బయట యుద్ధానికి వ్యతిరేకంగా నినాదాలిస్తున్న కుర్రాళ్లను పోలీసులు చితకబాదుతున్నారు. ఆ దృశ్యాలు టీవీలో దేశమంతా చూస్తోంది. లోపల తొమ్మిదో చర్చ. నిరసనకారులు వియత్‌కాంగ్ జెండా ఎగరేయడం గురించి మాట వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఎవరైనా ఇక్కడ నాజీ జెండా ఎగరేస్తే ఎలా ఉండేదని నిర్వాహకుడు హోవార్డ్ స్మిత్ అడిగారు. 'నాజీ' అన్న మాట అలా బల్ల మీదికొచ్చింది. విడాల్ దాన్ని అందుకుని బక్లీని ముసుగు నాజీ అన్నారు.

అంతే! బక్లీ ముఖం మారిపోయింది. స్వలింగ సంపర్కుల్ని కించపరిచే తిట్టుతో విడాల్‌ని సంబోధిస్తూ, ఇంకోసారి ఆ మాటంటే మూతి పగలగొడతానని ముందుకు వంగారు. అదీ లైవ్‌లో. ఎదుట విడాల్ నవ్వుతూనే ఉన్నారు. ఎవరు గెలిచారో ఆ నవ్వు చెబుతుంది.

సినిమాకు ప్రాణం మాత్రం ఆ తర్వాతి కథే. 1969లో ఇద్దరూ 'ఎస్క్వైర్' పత్రికలో ఒకరి మీద ఒకరు పెద్ద పెద్ద వ్యాసాలు రాసుకున్నారు. బక్లీ క్షమాపణ చెబుతూనే దెప్పారు. విడాల్ అంతకంటే ఘాటుగా బదులిచ్చారు. కోర్టు కేసులు 1972 దాకా నడిచాయి. 1999లో ఓ టీవీ ఇంటర్వ్యూలో ఆ పాత క్లిప్పింగ్ చూపిస్తే బక్లీ గతుక్కుమన్నారు. ఆ టేపు ఎప్పుడో నాశనమైపోయి ఉంటుందనుకున్నారట! పుస్తకాలు రాసి, పత్రిక నడిపి, మూడు దశాబ్దాలకు పైగా టీవీలో ఎందరితోనో మర్యాదగా వాదించిన మనిషి. ఆయన్ని వెంటాడింది మాత్రం ఆ కొన్ని క్షణాలే.

మరి గెలిచినాయన? ఇటలీలోని తన ఇంట్లో స్నానాలగదిలో ఆ చర్చల ఫొటోలు తగిలించుకున్నారు. 2008లో బక్లీ చనిపోతే నరకంలో శాంతిగా ఉండమని నివాళి రాశారు. పోయినవాళ్లంతా మంచోళ్లే అన్న మాట ఆయనకు పట్టలేదు. 2012లో ఆయనా వెళ్లిపోయారు. ఓడినవాడు మరిచిపోలేకపోయాడంటే అర్థముంది. గెలిచినవాడూ ఆ గది దాటి బయటికి రాలేకపోయాడు.

కేకల వ్యాపారం

వాళ్లు పోయినా ఆ ఫార్ములా పోలేదు. ఇటొకరు, అటొకరు, మధ్యలో నిప్పు. 1982లో సీఎన్ఎన్ 'క్రాస్‌ఫైర్' మొదలుపెట్టింది. 2004లో హాస్యనటుడు జాన్ స్టీవర్ట్ అదే కార్యక్రమానికి అతిథిగా వచ్చి, ఈ అరుపులతో దేశానికి హాని చేయకండని మొహమ్మీదే వేడుకున్నాడు. మరుసటేడాది దాన్ని ఆపేశారు. ఇంచుమించు అదే సమయంలో మన తెలుగు ఇళ్లలోకి 24 గంటల వార్తా చానళ్లు వచ్చాయి. చర్చలూ వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో ఓ తెలుగు చానల్ చర్చలో ఒకాయన ఏకంగా చెప్పే విసిరారు. నిమిషాల్లో ఆ వీడియో సెల్‌ఫోన్లన్నీ చుట్టేసింది. చర్చ దేని గురించని అడిగితే మాత్రం చాలామంది తడుముకోవాల్సిందే.

షికాగో విషయంలోనూ అదే జరిగింది. పది రాత్రులు, దేశం ఎటు పోవాలన్న దాని మీద ఇద్దరు ఉద్దండుల వాదన. యుద్ధం గురించి, పేదవాడి గురించి వాళ్లు చెప్పినదాంట్లో వినాల్సింది చాలా ఉంది. అదెవరికీ గుర్తులేదు.

తిట్టు మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.