మనో మన సత్తెనపల్లి వాడే

ఊరేగింపులో డీజే 'ముక్కాలా ముకాబులా' వేస్తే నరసరావుపేటలోనైనా, మాచర్లలోనైనా కుర్రాళ్లు ఆగరు. ప్రభుదేవా స్టెప్పు, రెహమాన్ ట్యూన్ అంటారు. పాడిన గొంతు మాత్రం 1965లో సత్తెనపల్లిలో పుట్టిన నాగూర్ బాబుది! సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర పని నేర్చుకున్నాడు, ఇళయరాజా 'మనో' అని పేరు పెట్టాడు, 1987 నుంచి తమిళులకు ఇంటి గాయకుడైపోయాడు. నరసింహ, చంద్రముఖి, రోబోల్లో రజనీ మాట్లాడిన తెలుగూ ఆయనదే. ఇంత చేసినా మనకు గుర్తుండేది తెర మీది ముఖమే.

అన్నిచోట్లా ఇలా ఉండదు. ఫిన్లాండ్ జనాభా 60 లక్షలు కూడా లేదు. అక్కడ పాప్ రాక్ గాయకుడు సొంత భాషలో, సొంత పేరు మీద ఆల్బమ్ వేసి బతకగలడు. 8 కోట్లకు పైగా తెలుగువాళ్లున్న మన దగ్గర పాట హీరో ఖాతాలోకే పోతుంది. లోటు గొంతుల్లో లేదు, సినిమా తప్ప వేరే దారి లేకపోవడంలో ఉంది.

"సినిమా లేకపోతే సత్తెనపల్లి కుర్రాడు ఇంత దూరం వెళ్లేవాడా?" అంటారు. నిజమే, వెళ్లేవాడు కాదేమో. "గాయని స్మిత తెలుగులో పాప్ ఆల్బమ్‌లు చేయలేదా?" అనీ అడగొచ్చు. చేసింది, జనం విన్నారు కూడా. కానీ పాతికేళ్ల తర్వాత కూడా ఉదాహరణగా ముందు ఆమె పేరే చెప్పుకుంటున్నామంటే ఆ దారి ఇంకా రోడ్డు కాలేదనే కదా!

సినిమా పాట కాకుండా, గాయకుడి పేరు చూసి మీరు విన్న తెలుగు పాట ఏది? కామెంట్లో చెప్పండి.