ఏ థీబ్స్‌? గ్రీసుదా, ఈజిప్టుదా?

'థీబ్స్‌ వెళ్తున్నా' అని ఎవరైనా అంటే వెంటనే 'ఏ థీబ్స్‌?' అని అడగండి. గ్రీసులో ఒకటుంది, ఈజిప్టులో ఇంకోటుంది. ప్రోగ్రామింగ్‌లో ఒకే పేరు రెండింటికి పెడితే ఎర్రర్‌ వస్తుంది. చరిత్రకి ఆ బాధ లేదు! ఈ రెండూ చూడ్డం కోసమే ఆఫీసులో పది రోజులు సెలవు పెట్టాను.

గ్రీకు థీబ్స్‌ని ఇప్పుడు థీవా అంటున్నారు. ఏథెన్స్‌లో రైలెక్కితే గంట పైచిలుకు ప్రయాణం. దిగగానే కనిపించేది మామూలు చిన్న టౌనే... మందుల షాపులు, కాఫీ షాపులు, అపార్ట్‌మెంట్లు. ఈడిపస్‌ ఏలాడని గ్రీకు కథలు చెప్పే ఏడు ద్వారాల నగరం ఈ వీధుల కిందే ఉంది. ఇళ్ల మధ్య కంచె వేసిన గుంతలోకి తొంగిచూస్తే, మూడువేల ఏళ్లు దాటిన రాజభవనం పునాదులు! పక్కనే ఎవరిదో స్కూటర్‌ పార్క్‌ చేసి ఉంది.

ఈజిప్టు థీబ్స్‌ అలా దాక్కోదు. అదే నేటి లక్సోర్‌. అసలు ఈజిప్టువాళ్లు దాన్ని పిలుచుకున్న పేరు వాసెత్‌. థీబ్స్‌ అన్నది గ్రీకులే. తమ ఊరికి ఏడు ద్వారాలైతే, దీన్ని నూరు ద్వారాల థీబ్స్‌ అన్నాడు హోమర్‌ 'ఇలియడ్‌'లో. కర్నాక్‌ గుడిలో ఆ స్తంభాల కింద నిలబడితే నూరు కూడా తక్కువే అనిపిస్తుంది.

స్ఫింక్స్‌ రెండుచోట్లా ఉంది. గ్రీకు కథలో అది రెక్కలున్న రాక్షసి, పొడుపుకథకి జవాబు చెప్పకపోతే చంపేస్తుంది. లక్సోర్‌లో మాత్రం కర్నాక్‌ నుంచి లక్సోర్‌ గుడి దాకా దాదాపు 2.7 కిలోమీటర్ల దారికి అటూఇటూ కాపలా కూర్చుంది. 2021లో ఈ దారిని మళ్లీ తెరిచారు. నడిచే వెళ్లండి, ఆటో దండగ.

ఆ దారి చివర లక్సోర్‌ గుడి లోపలి గదిలో ఒక గోడ ఉంది. ఫరో వేషంలో ఒక రాజు అమున్‌ దేవుడి ముందు నిలబడి ఉంటాడు. ఆ రాజు అలెగ్జాండర్‌. అది తెలిశాక నాకు కాళ్లు కదల్లేదు. ఎందుకంటే అంతకు నాలుగు రోజుల ముందే నేను థీవాలో ఉన్నాను. అలెగ్జాండర్‌ చనిపోయాడన్న పుకారు నమ్మి తిరగబడిందా ఊరు. క్రీ.పూ. 335లో ఆయన దాన్ని నేలమట్టం చేశాడు. ఆరు వేలమంది చనిపోయారని, ముప్ఫై వేలమందిని బానిసలుగా అమ్మేశారని పాత చరిత్రకారులు రాశారు. గుళ్లనీ, పిండార్‌ అనే కవి ఇంటినీ మాత్రం వదిలేశారట. మూడేళ్లకి, క్రీ.పూ. 332లో, అదే మనిషి ఈజిప్టుకు వచ్చాడు. ఆ థీబ్స్‌ని కాల్చినవాడి పేరు మీద ఈ థీబ్స్‌లో గర్భగుడి కట్టారు. చేతిలో నైవేద్యం, మొహంలో ఎంత భక్తో!

టూరిస్టులు ఆ గోడ ముందు సెల్ఫీ తీసుకుని అర నిమిషంలో వెళ్లిపోతున్నారు. మీరు వెళ్తే ముందు థీవా, తర్వాత లక్సోర్‌ పెట్టుకోండి. ఈ గోడ అప్పుడే అర్థమవుతుంది. వేసవి మాత్రం వద్దు, లక్సోర్‌ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. డిసెంబరు, జనవరి బెస్టు.