మూగవోయిన ఫోను

2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరమొకటి ప్రపంచ పత్రికల కెక్కింది. అది ‘జ్ఞా’. జ్ఞానమునకు ఆద్యాక్షరమైన ఆ సంయుక్తాక్షరం సందేశంలో వచ్చినంతనే ఐఫోనులో ఆ సందేశాన్ని తెరిచిన యాప్ కుప్పకూలేది. తప్పు అక్షరానిది కాదు. జకారం, పొల్లు, ఞకారం, ఆ పిదప కంటికి కనిపించని ఒక విడదీత సంకేతం, చివర దీర్ఘం – ఈ వరుసలో కూర్చినప్పుడు దానిని తెరపై చిత్రించే ప్రక్రియ తడబడింది. బడిలో పిల్లలు తడబడే చోటనే అంతటి యంత్రమూ తడబడటం, తెలుగు బోధించే నాబోటివానికి కొంత వినోదాన్ని కలిగించిన మాట నిజం. ఆపిల్ సంస్థవారు ఆ నెల 19వ తేదీన 11.2.6 అనే సవరణను విడుదల చేసి దోషాన్ని తొలగించారు. ఈలోగా పూర్తిగా స్తంభించిన ఫోన్లకు మాత్రం, కంప్యూటరుకు తగిలించి మూలవ్యవస్థను తిరిగి ఎక్కించడమే శరణ్యమని నాటి వార్తలు తెలిపాయి.

ఆ మూలవ్యవస్థనే ఫర్మ్‌వేర్ అంటున్నారు. ఈ మాటను 1967లో ఆషర్ ఆప్లర్ అనే ఆయన ఒక కంప్యూటర్ పత్రికలో ప్రయోగించాడు. గట్టిదైన యంత్రభాగానికీ, మెత్తనిదైన ప్రోగ్రామునకూ నడుమ నిలిచేది అని భావం. తెలుగులో దీనికి నిలకడైన పదం ఇంకా కుదురుకోలేదు. మన తిరువూరు బజారులో ‘సాఫ్ట్‌వేర్ వేయడం’ అంటారు. నిఘంటుకారులు అంగీకరించినా, అంగీకరించకపోయినా ఆ మాటతో పని జరిగిపోతున్నది.

మా విద్యార్థి ఒకడు ఇటీవల అట్టి ఫోనునే నా వద్దకు తెచ్చాడు. అది గతించిన అతని తండ్రిది. అప్‌డేట్ జరుగుతుండగా, ఆలస్యమవుతున్నదని తమ్ముడు మీటలు నొక్కిపట్టి ఆపివేశాడట. నాటినుండి తయారీదారు పేరు వెలుగుతుంది, ఆరిపోతుంది, మరల వెలుగుతుంది. అంతకు మించి కదలదు. “సార్, అబ్బాజాన్ గొంతు అందులోనే ఉంది. అమ్మీకి పంపిన వాయిస్ మెసేజ్‌లు ఆమె పాత ఫోనుతోనే పోయాయి. ఇవే మిగిలాయి” అన్నాడు. ఒక దుకాణంలో, అంతా చెరిపి కొత్తగా వేస్తాము, గంటలో ఐపోతుంది అన్నారట. పిల్లవాడు భయపడి తిరిగి వచ్చాడు.

ఇద్దరమూ మరొక దుకాణానికి వెళ్ళాము. అక్కడ పాతికేళ్ళైనా నిండని కుర్రవాడు ఫోనును చేతిలోకి తీసుకొని అడిగిన మొదటి ప్రశ్న ఇది: “డేటా కావాలా సార్, వద్దా?”

ఆ ప్రశ్న విలువ తరువాత తెలిసింది. సామ్‌సంగ్ జాతి ఫోన్లకు – ఇదీ ఆ కోవలోనిదే – ఓడిన్ అనే ప్రోగ్రామును కంప్యూటరులో వాడతారు. అది స్కాండినేవియా పురాణాల దేవుని పేరు. ఫర్మ్‌వేర్ కొన్ని భాగాలుగా వస్తుంది: ఫోనును మేల్కొలిపే భాగం ఒకటి, ప్రధాన వ్యవస్థ ఒకటి, టవరుతో మాటలాడేది ఒకటి, దేశానికీ ప్రాంతానికీ తగిన అమరికలది మరొకటి. ఈ చివరిది రెండు రూపాలలో లభిస్తుంది. ఉత్త సీఎస్సీ అన్న ఫైలును ఎన్నుకుంటే వాడుకరి దాచుకున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. హోమ్ సీఎస్సీ అన్నదానిని ఎన్నుకుంటే, సాధారణంగా, ఉన్నది ఉన్నట్లుంటుంది. ఒక్క ‘హోమ్’ అన్న మాట తేడా! ఐఫోనులోనూ ఇట్టి కూడలియే ఉన్నది: కంప్యూటరు ‘అప్‌డేట్’, ‘రిస్టోర్’ అని రెండు దారులు చూపుతుంది. మొదటిది వ్యవస్థను మాత్రమే మరల నింపుతుంది; రెండవది ఇల్లంతా ఊడ్చివేస్తుంది. పునరుద్ధరణ అనగానే పోయినది తిరిగివచ్చుట అని అర్థం చెప్పుకొనే మనకు ఈ శాస్త్రంలో ఆ మాట సరిగ్గా విపరీతార్థంలో ఎదురవుతుంది.

తుడిచిన పిదప వెదికి తీయవచ్చునా అని అడిగాను. కుర్రవాడు తల అడ్డంగా ఊపాడు. ఇప్పటి ఫోన్లలో సమాచారమంతా గుప్తలిపిలో ఉంటుంది. తుడిచేటప్పుడు దాని తాళంచెవి కూడా నశిస్తుంది. చిప్పును ఊడదీసినా అర్థంకాని అంకెలే దొరుకుతాయి.

అతడు మోడల్ సంఖ్యను రెండుసార్లు సరిచూశాడు. ఫోనులో ఉన్నదానికంటె పాత బూట్‌లోడర్‌ది ఐతే తిరస్కరిస్తుందని చెప్పి, తగిన ఫర్మ్‌వేర్ దింపాడు. కొన్ని గిగాబైట్లు, టీ తాగి వచ్చినా పూర్తికాలేదు. కేబులు మార్చాడు. కరెంటు పోతే గతి ఏమని అడిగితే, ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉందిగా సార్ అని నవ్వాడు. తెరపై గీత మెల్లగా నిండుతుండగా విద్యార్థి కూర్చోలేక దుకాణం మెట్లు దిగి రోడ్డు మీద నిలుచున్నాడు.

చివరికి ఆకుపచ్చ రంగులో ‘పాస్’ అని వచ్చింది. ఏటా ఫలితాలు చూచే నాకు ఆ మాట కొత్త కాదు గాని, ఆనాడు చదివినంత ఆత్రంగా ఎన్నడూ చదవలేదు. ఫోను చాలాసేపు తటపటాయించి తెరుచుకున్నది. పిన్ అడిగింది. తండ్రి పుట్టిన సంవత్సరమట, పిల్లవాడు నొక్కాడు.

మొదటి సందేశం పన్నెండు సెకన్లది. విజయవాడ నుండి వస్తున్నాను, అన్నం తిని పడుకోండి అని ఉర్దూలో. వెనుక బస్సు హారను.

కుర్రవాడు తన కూలి తీసుకొని, “ముందు వీటిని వేరేచోట కాపీ చేసుకో తమ్ముడూ” అన్నాడు. ఆ సాయంత్రమే మా కళాశాల కంప్యూటరు గదిలో రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించాము. ఒకటి వాళ్ళ అమ్మీకి, మరొకటి తమ్మునికి.