ఊరికి కాపలా, ఊరి మీద కాపలా

'లెట్ ది బుల్లెట్స్ ఫ్లై' అనే చైనా సినిమా చూశారా? జియాంగ్ వెన్ తీశాడు, 2010లో వచ్చింది. ఊరిని పీల్చి పిప్పి చేసే పెద్దమనిషి వేషం చౌ యున్ ఫట్‌ది. ఆయనగారి మకాం అంతస్తుల మీద అంతస్తులు లేచిన ఒక బురుజులో. ఆఖర్న జనం ఎగబడి ఇంట్లో కుర్చీలతో సహా మోసుకుపోతారు. మా ఏలూరు ఇంట్లో కూర్చుని చూస్తుంటే నాకు తెలంగాణా గడీ కళ్ళకు కట్టింది.

ఆ బురుజులు సెట్టింగులు కావు. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో కైపింగ్ అనే చోట ఈనాటికీ 1800కి పైగా నిలబడి ఉన్నాయి. 2007లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే వాటి అసలు కథ సినిమా కథకి పూర్తిగా ఎదురు. ఆ నేల పల్లం. ఏరు పొంగితే ఊళ్ళు మునక. బుడమేరు, తమ్మిలేరు ఒక్కసారి కొల్లేట్లోకి దిగితే ఎలా ఉంటుందో మా వైపు వాళ్ళకి వేరే చెప్పాలా! దానికి తోడు బందిపోట్లు. మగవాళ్ళు బంగారు గనుల్లో పనికీ, రైలు పట్టాలు వెయ్యడానికీ అమెరికా, కెనడా పోయారు. 1882లో అమెరికా వాళ్ళు చైనా కూలీలు రాకూడదని చట్టం చేశారు. అది 1943 దాకా నడిచింది. పెళ్ళాం బిడ్డల్ని అక్కడికి రప్పించుకునే దారి కూలివాడికి మూసుకుపోయింది. చేసేదేముంది, డబ్బు పంపారు. పరదేశం డబ్బు వస్తోందంటే దొంగలకి కబురు పెట్టినట్టే కదా! అందుకని బురుజులు కట్టించారు. మందపాటి గోడలు, చిన్న చిన్న కిటికీలు, ఇనప రెక్కలు. పైన మాత్రం విదేశాల్లో చూసొచ్చిన స్తంభాలు, ఆర్చీలు, గుమ్మటాలు. పోస్టుకార్డుల మీది బొమ్మలు చూపించి కట్టించుకున్నవీ ఉన్నాయి. సిమెంటు ఓడల మీద దిగేది. కొన్ని ఒక్కో కుటుంబానివి. కొన్ని ఊళ్ళో ఇళ్ళవాళ్ళు తలా కాస్త వేసుకుని లేపినవి. 1922లో బందిపోట్లు ఒక బడి మీద పడి హెడ్మాస్టర్ని, పిల్లల్ని ఎత్తుకుపోతుంటే, బురుజు మీది సెర్చిలైటు పట్టిచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దారికాసి విడిపించారు.

తెలంగాణా పల్లెల్లోనూ ఊరి బురుజులున్నాయి. దోపిడీ మూకల్ని దూరాన్నే కనిపెట్టడానికి కట్టినవి. అవి ఊరందరివీ. గడీ అలాక్కాదు, అది దొరది. కామారెడ్డి జిల్లా దోమకొండ గడీ చూడండి. కందకం, గుండ్రంగా తిరిగిన రాతిగోడ, లోపల అటు యూరపు స్తంభాలూ ఇటు ఆసఫ్‌జాహీల నాటి ఆర్చీలూ కలిసిన మేడ. రెండు దేశాల పనితనం ఒక గోడకి అతకడం కైపింగ్‌లో ఉంది, ఇక్కడా ఉంది. కానీ గోడ ఎవరికి అడ్డం? కైపింగ్‌లో బయటి దొంగకి. గడీ గోడ ఊరికే అడ్డం. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుగా వస్తున్న జనం మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు, దొడ్డి కొమరయ్య ఒరిగిపోయాడు. ఆ తరవాత రైతుల పోరాటం సంగతి మీకు తెలిసిందే.

తాడేపల్లిగూడెం నుంచి కైకలూరు దాకా మా వైపు కలిగినవాళ్ళది మండువా లోగిలి. వాన నట్టింట్లో పడుతుంది. వీధివైపు అరుగు, దారినపోయే ఎవరైనా కూర్చోవచ్చు. (ఎవరైనా అంటే ఎవరైనా కాదు లెండి. కులం కందకం మాకూ ఉంది, అందులో నీళ్ళు కనపడవంతే.) అలాంటి ఇళ్ళ మధ్య పెరిగినవాణ్ణి, గడీ లోపలి బతుకు నాకు చూపించింది బి.నర్సింగరావు గారి 'దాసి', 1988 నాటి సినిమా. అర్చనకి ఉత్తమ నటిగా జాతీయ అవార్డు, కళా దర్శకుడు వైకుంఠానికి, కెమెరామన్ ఎ.కె.బీర్‌కి కూడా అవార్డులు. పెద్ద పెద్ద గదులు, వాటిలో గట్టిగా ఊపిరి తీసుకోవడానికి భయపడే ఆడపిల్ల! చూసి నాలుగు రోజులు అన్నం సయించలేదు.

ఆమధ్య జనగామ వైపు పనిబడి వెళ్ళి ఒక పాడుబడ్డ గడీ చూశాను. దర్వాజా ఒక్కటే గట్టిగా ఉంది. మేకల్ని తోలుకొచ్చిన ముసలమ్మ, ఎనభై దాటి ఉంటాయి, నన్ను చూసి ఆగింది.

"మా అమ్మ గీ వాకిలి ఊడ్చి ఊడ్చి సచ్చింది బిడ్డా. నన్ను మాత్రం గీ దర్వాజ దాటనియ్యలె."

దోమకొండ గడీని బాగుచేసిన తీరుకి 2022లో యునెస్కో బహుమతి వచ్చింది. మంచిదే, నిలవాలి. అయితే ఇలాంటివి బాగుచేయించేటప్పుడు మన చూపు మేడల మీద, నగిషీల మీద ఉంటుంది గానీ పనివాళ్ళ గదుల మీదికి ఎందుకో పోదు.

"అవ్వా, దీన్నీ బాగుచేస్తే ఎట్లా ఉంటుంది?" అన్నాను.

"ఏమన్న చేస్కోండ్రి. గా ఎన్క అర్ర మాత్రం కూలగొట్టొద్దు. మా అమ్మ పండుకునేది గాడ్నే."

వెనక్కి వెళ్ళి చూశాను. మూడు గోడలున్నాయి. నాలుగోదాన్ని రాళ్ళ కోసం ఎవరో విప్పుకుపోయారు.